ఆప్టికల్ డీవో మీటరు ఎక్కువ చూపిస్తోందంటే తప్పు ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. రేపల్లె దగ్గర మీకు ఎనిమిది ఎకరాల వెనామీ రొయ్యల చెరువులున్నాయి, నీటి లవణీయత 18, అంటే వెయ్యి పాళ్ల నీటిలో 18 పాళ్లు ఉప్పు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను (డీవో) కొలవడానికి మూడేళ్లుగా మెంబ్రేన్ రకం, అంటే పలుచని పొర ఉండే మీటరు వాడుతున్నారు, దానిలో లవణీయత 18 అనే పెట్టి ఉంది. ఒక అమ్మకందారు వారం రోజులు వాడి చూడమని కాంతితో కొలిచే ఆప్టికల్ మీటరు వదిలి వెళ్లారు. మొన్న ఉదయం ఆరు గంటలకు నీరు 30 డిగ్రీలున్నప్పుడు, ఒకే చెరువులో ఒకే చోట పాత మీటరు లీటరుకు 5.1 మిల్లీగ్రాములు చూపింది, కొత్తది 6.2 చూపింది. కొత్తదానిలో శాతం గడిలో 82 అని ఉన్నట్టు కూడా రాశారు. అప్పుడే పట్టిన సీసాను తొమ్మిది గంటలకు గుంటూరులోని ఒక ల్యాబులో ఇస్తే 4.9 అని ఫలితం వచ్చింది. రెండు లెక్కలు ఒకవైపు, ఒకటి మరోవైపు ఉన్నాయి కాబట్టి ఆప్టికల్ మీటరే తప్పు చూపుతోందా, మూడు రెట్ల ధర పెట్టి దాన్ని కొనవచ్చా, జీవితాంతం క్యాలిబ్రేషన్ (తెలిసిన విలువతో పోల్చి మీటరును సరిచేయడం) అక్కర్లేదని అమ్మకందారు చెప్పిన మాట నిజమేనా అని మీరు అడుగుతున్నారు.

ఆప్టికల్ మీటరు కొలతలో తప్పు లేదు. దానిలో లవణీయత ఇంకా సున్నా దగ్గరే ఉంది. ఆ ఒక్క అంకె సరిచేస్తే మీ 6.2 కాస్తా 5.6 అవుతుంది. ఆ ఉదయం మీ చెరువులో ఉన్నది దాదాపు అంతేనని నా అభిప్రాయం. పాత మీటరు ఒక కారణం వల్ల, ల్యాబు సీసా మరో కారణం వల్ల తక్కువ చూపి, కాకతాళీయంగా ఒకదాని పక్కకు ఒకటి వచ్చి చేరాయి. రాత్రిపూట క్రమం తప్పకుండా కొలిచే అలవాటు మీకుంటే మీటరు కొనండి. క్యాలిబ్రేషన్ అక్కర్లేదన్న మాటను మాత్రం నమ్మకండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పంతొమ్మిదేళ్లుగా నీటి పరీక్షా పరికరాలు బాగుచేస్తున్నాను. ఏ కంపెనీకీ ఏజెంటును కాను. "మీటరు తప్పు చూపుతోంది" అంటూ నా బల్ల మీదికి వచ్చిన ఆప్టికల్ మీటర్లలో ఎక్కువ భాగానికి నేను స్క్రూడ్రైవరు కూడా పట్టలేదు. సెట్టింగుల్లో ఒక అంకె మార్చి పంపించాను.

లవణీయత సున్నా అని ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానో మీరిచ్చిన అంకెలతోనే చూపిస్తాను. సముద్రమట్టం దగ్గర, 30 డిగ్రీల మంచినీరు గాలి నుంచి తీసుకోగలిగినంత ఆక్సిజన్ తీసుకుంటే లీటరుకు 7.56 మిల్లీగ్రాములు ఉంటుంది. దానిలో 82 శాతం సరిగ్గా 6.2. అంటే మీ మీటరు మీ చెరువు నీటిని మంచినీరు అనుకుని లెక్క కట్టింది. లవణీయత 18 ఉన్న నీరు అదే 30 డిగ్రీల దగ్గర 6.85 మాత్రమే పట్టుకోగలదు. దానిలో 82 శాతం 5.6. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ ఆక్సిజన్ కరగడానికి చోటు తగ్గుతుందన్న సంగతి మీకు తెలిసిందే. అయితే నీటిలో ఎంత ఉప్పు ఉందో ఆప్టికల్ ప్రోబ్‌కు, అంటే మీటరులో నీటిలో ముంచే భాగానికి, దానంతట దానికి తెలియదు. వాహకతను (నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో) కొలిచే సెన్సరు కూడా కలిసి ఉన్న ఖరీదైన మోడళ్లు లవణీయతను తామే తెలుసుకుని సరిచేసుకుంటాయి. మీ దగ్గర వదిలి వెళ్లినది ఆ రకం అయ్యుంటే ఈ తేడా వచ్చేదే కాదు.

ఈ విషయం బాగా మనసుకు పట్టించుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. డీవో మీటరు, అది మెంబ్రేన్ రకమైనా ఆప్టికల్ రకమైనా, నీటిలోని మిల్లీగ్రాములను కొలవదు. అది కొలిచేది ఆక్సిజన్ పీడనాన్ని, అంటే మనం శాతంగా చదివే విలువను. మిల్లీగ్రాములన్నది ఆ శాతానికి ఉష్ణోగ్రతను, లవణీయతను కలిపి లోపలి చిప్ వేసే గుణకారం మాత్రమే. కాబట్టి రెండు మీటర్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ముందు శాతాలను పోల్చండి. శాతాలు కలిసి మిల్లీగ్రాములు కలవకపోతే లోపం లెక్కలో ఉంది. శాతాలే కలవకపోతే లోపం సెన్సరులోనో, కొలిచిన పద్ధతిలోనో ఉంది. మీ పాత మీటరు 5.1ని వెనక్కి లెక్కిస్తే 74 శాతం పైచిలుకు వస్తుంది. అంటే ఆప్టికల్ మీటరుకు, దానికి శాతంలోనే ఏడెనిమిది పాయింట్ల తేడా ఉంది. దీనికి లవణీయతతో సంబంధం లేదు, వేరే కారణం ఉండాలి.

ఆ కారణం మెంబ్రేన్ మీటరు పని చేసే తీరులోనే ఉంది. లీలాండ్ క్లార్క్ 1956లో ప్రకటించిన ఎలక్ట్రోడే ఇప్పటికీ వీటన్నిటికీ మూలం. ఒక పలుచని పొర వెనుక ఎలక్ట్రోలైట్ ద్రవం ఉంటుంది, దానిలో బంగారపు లేదా ప్లాటినం కాథోడ్, వెండి ఆనోడ్ ఉంటాయి. పొర దాటి లోపలికి వచ్చిన ఆక్సిజన్‌ను ఆ కాథోడ్ తినేస్తుంది, ఆ తిండికి తగినంత కరెంటు పుడుతుంది. తినేస్తుంది కాబట్టి పొరకు ఆనుకుని ఉన్న నీటిలో ఆక్సిజన్ క్షణక్షణానికీ తగ్గుతూ ఉంటుంది, కొత్త నీరు వచ్చి తగులుతూ ఉండాలి. ప్రోబ్‌ను నీటిలో వదిలేసి కదపకుండా నిలబడితే అంకె మెల్లగా కిందికి జారుతుంది. పది శాతం జారడం నేను బకెట్‌లో ఎన్నోసార్లు చూశాను. మీరు రెండు ప్రోబ్‌లనూ ఒకే కర్రకు కట్టి కదలకుండా దించామని రాశారు. ఆప్టికల్ ప్రోబ్ ఆక్సిజన్‌ను తినదు కాబట్టి దానికి ఆ తేడా పట్టలేదు. పాతది మాత్రం తన చుట్టూ ఉన్న నీటిని తానే ఖాళీ చేసుకుని తక్కువ చూపింది. రేపు ఉదయం పాత ప్రోబ్‌ను నీటిలోనే మెల్లగా అటూ ఇటూ ఊపుతూ చూడండి, 5.1 పైకి లేస్తుంది. మూడేళ్ల పొర, నల్లబడిన ఆనోడ్ కూడా తోడైతే పూర్తిగా లేవకపోవచ్చు. చెరువు అడుగున నల్ల బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ పొర దాటి వెళ్లి వెండిని నల్లబరుస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే చెరువుల నుంచి వచ్చిన మీటర్లు విప్పితే ఆనోడ్ కాటుక పూసినట్టు ఉంటుంది.

ఇక ల్యాబు సీసా సంగతి. ల్యాబువారు చేసిన వింక్లర్ పద్ధతిని, అంటే రసాయనాలతో ఆక్సిజన్ కొలిచే పరీక్షను, తప్పుపట్టడానికి నాకు కారణమేదీ కనిపించడం లేదు. లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన ఆ పద్ధతి ఇప్పటికీ అన్ని మీటర్లకూ పెద్దన్న లాంటిది, నేను కూడా అనుమానం వస్తే దాన్నే ఆశ్రయిస్తాను. అయితే వింక్లర్ పరీక్ష మొదలు కావలసింది ల్యాబులో కాదు, చెరువు గట్టు మీద. సీసా నింపిన వెంటనే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ ద్రావణాలు పిపెట్‌తో అడుగుకు వదిలి, గాలి బుడగ మిగలకుండా మూత బిగించి తలకిందులుగా తిప్పితే, గోధుమరంగు మడ్డి మేఘంలా లేచి మెల్లగా కిందికి దిగుతుంది. అలా దిగిన తర్వాత ఆక్సిజన్ అక్కడికి కట్టుబడినట్టే. ఇక ఆమ్లం వేయడం, థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయడం ల్యాబులో తీరిగ్గా చేసుకోవచ్చు. మీరు ద్రావణాలేవీ వేయకుండా ఉత్త నీటి సీసానే మూత బిగించి బైకు పెట్టెలో పెట్టి పంపించారు. చీకట్లో మూడు గంటల పాటు ఆ సీసాలోని ప్లాంక్టన్, బ్యాక్టీరియా ఊపిరి పీల్చుకుంటూనే ఉన్నాయి, వెలుతురు లేదు కాబట్టి ఆక్సిజన్ తయారు చేసింది లేదు. పచ్చగా ఉన్న రొయ్యల చెరువు నీటిలో మూడు గంటలకు 0.7 తగ్గిందంటే నేను ఆశ్చర్యపోను. ల్యాబు ఇచ్చిన 4.9 తొమ్మిది గంటలకు సీసాలో ఉన్న ఆక్సిజన్. అది ఆరు గంటలకు చెరువులో ఉన్న ఆక్సిజన్ కాదు.

ఆప్టికల్ సెన్సరు లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. ప్రోబ్ చివర గుండ్రటి క్యాప్ ముఖానికి ఒక పలుచని పాలిమర్ పొర ఉంటుంది, దానిలో ఒక రంగు పదార్థం కలిపి ఉంటుంది. రుథీనియం సమ్మేళనాలు గాని, ప్లాటినం పోర్ఫిరిన్లు గాని ఎక్కువగా వాడతారు. ఎల్ఈడీ నుంచి నీలి కాంతి దాని మీద పడితే ఆ పదార్థం ఎరుపు కాంతిని వెదజల్లుతుంది. నీలి కాంతి ఆపేసినా ఆ ఎరుపు వెంటనే పోదు, సెకనులో పది లక్షల వంతుల్లో లెక్కపెట్టేంత కొద్ది కాలం వెలిగి ఆరిపోతుంది. పక్కన ఆక్సిజన్ అణువులు ఎంత ఎక్కువగా ఉంటే అవి అంత వేగంగా వచ్చి తగిలి ఆ శక్తిని లాక్కుపోతాయి, వెలుగు అంత త్వరగా ఆరిపోతుంది. కార్తీకమాసంలో కృష్ణ ఒడ్డున వదిలిన దీపం గాలి హెచ్చితే తొందరగా ఆరినట్టే ఇది కూడా. దీపం వెలగడానికి ఆక్సిజన్ కావాలి, ఇక్కడ మాత్రం ఆర్పేదే ఆక్సిజన్.

వెలుగు ఎంత ప్రకాశంగా ఉందో కాకుండా ఎంతసేపు నిలిచిందో కొలవడంలోనే ఈ పరికరం తెలివి ఉంది. ప్రకాశాన్ని కొలిస్తే రంగు కొంచెం వెలిసినా, ఎల్ఈడీ పాతబడినా లెక్క తప్పుతుంది. నిలిచిన కాలాన్ని కొలిస్తే వాటి ప్రభావం చాలావరకు పోతుంది. ఆచరణలో నీలి కాంతిని ఒక నిర్దిష్ట వేగంతో మినుకుమినుకుమనిపించి, దాని వెనుక ఎరుపు కాంతి ఎంత ఆలస్యంగా మినుకుమంటోందో చూస్తారు. ఎలక్ట్రానిక్ భాగాల వల్ల వచ్చే ఆలస్యాన్ని తీసివేయడానికి చాలా మోడళ్లలో పోలిక కోసం మరో ఎరుపు ఎల్ఈడీ కూడా ఉంటుంది. ఆ కాలానికి, ఆక్సిజన్‌కు మధ్య ఉన్న సంబంధాన్ని స్టెర్న్, ఫోల్మర్ అనే ఇద్దరు 1919లో చెప్పిన సమీకరణం ఇస్తుంది. దానిలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్నప్పుడే ఈ సెన్సరు చూపు పదునుగా ఉంటుంది. సున్నా నుంచి ఒకటికి పెరిగితే వెలుగు నిలిచే కాలం బాగా మారుతుంది, పది నుంచి పదకొండుకు పెరిగితే కొంచెమే మారుతుంది. ఎండ మండే మధ్యాహ్నం పచ్చటి చెరువులో 150 శాతం దాటినప్పుడు చివరి అంకె మీద పెద్దగా ఆధారపడకండి. తెల్లవారుజామున 3కీ 2.5కీ మధ్య తేడా చెప్పవలసి వస్తే మాత్రం నేను ఈ సెన్సరు మాటే వింటాను. రొయ్య ప్రాణం ఊగిసలాడేది ఆ గంటల్లోనే.

దీని వల్ల మీకు తగ్గే పని చాలానే ఉంది. పొర మార్చడం ఉండదు, ఎలక్ట్రోలైట్ నింపడం ఉండదు, స్విచ్ వేసి పావుగంట వేడెక్కే దాకా నిలబడడం ఉండదు, ప్రోబ్ ఊపవలసిన అవసరం లేదు, సల్ఫైడ్ భయం లేదు. అయితే "ఊపనక్కర్లేదు" అన్న మాటను కొందరు మరీ దూరం తీసుకెళతారు. నీటిలో ముంచగానే అంకె స్థిరపడదు, క్యాప్ పొర మందాన్ని బట్టి అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది. కొంచెం కదిపితే త్వరగా స్థిరపడుతుంది. ఏరేటరు (నీటిలో గాలి కలిపే యంత్రం) పక్కన ముంచితే క్యాప్ ముఖానికి గాలి బుడగ అతుక్కుని ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, ప్రోబ్‌ను కాస్త ఏటవాలుగా దించండి, దించాక ఒకసారి విదిలించండి.

క్యాలిబ్రేషన్ గురించి. మెంబ్రేన్ మీటరుకు ప్రతిరోజూ చేసినట్టు దీనికి చేయనక్కర్లేదన్నది నిజం. అసలే అక్కర్లేదన్నది అమ్ముకునేవారి మాట. నేను నా ఖాతాదారులకు చెప్పే పద్ధతి ఇది: వారానికి ఒకసారి ప్రోబ్‌ను తడి గాలిలో పరీక్షించండి. మీటరుతో వచ్చే ప్లాస్టిక్ గొట్టంలో తడిపి పిండిన స్పాంజి పెట్టి, ప్రోబ్ మీది నీటి చుక్కలు మెత్తటి గుడ్డతో అద్ది, దాన్ని స్పాంజికి తగలకుండా లోపల ఉంచండి. గొట్టం గట్టిగా బిగించకండి, లోపలి గాలికి బయటి పీడనమే ఉండాలి. నీడలో పదిహేను నిమిషాలు ఆగితే శాతం 100 దగ్గర నిలబడాలి. 98 నుంచి 102 మధ్య ఉంటే ముట్టుకోకండి. అంతకు మించి తేడా ఉంటే ముందు క్యాప్ కడిగి మళ్లీ చూడండి, అప్పటికీ ఉంటేనే క్యాలిబ్రేట్ చేయండి. చాలామంది చెరువులోంచి తీసిన ప్రోబ్‌ను గట్టు మీద గాలిలో రెండు నిమిషాలు ఊపి క్యాలిబ్రేషన్ బటన్ నొక్కేస్తారు. తడి ప్రోబ్‌కు గాలి తగిలి ఉష్ణోగ్రత సెన్సరు చల్లబడుతుంది, క్యాప్ ఇంకా చెరువు వేడిమిలోనే ఉంటుంది. ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ తప్పితే మిల్లీగ్రాముల్లో దాదాపు 2 శాతం తప్పినట్టే, ఆ తప్పును మీటరు మళ్లీ క్యాలిబ్రేట్ చేసే దాకా మోస్తుంది.

నెలకోసారి సున్నా కూడా చూసుకోవడం మంచిది. సోడియం సల్ఫైట్ కలిపిన నీటిలో చిటికెడు కోబాల్ట్ క్లోరైడ్ వేస్తే ఆక్సిజన్ మొత్తం పోతుంది. దానిలో ముంచిన ప్రోబ్ కొద్ది నిమిషాల్లో 0.1 లోపలికి దిగాలి. దిగకపోతే క్యాప్ పాతబడిందనో, పగిలిందనో అర్థం. పరీక్ష అయ్యాక ప్రోబ్‌ను బాగా కడగండి, ఆ ద్రావణాన్ని చెరువులో పారబోయకండి.

పీడనం సంగతి మీకు పెద్దగా అడ్డు రాదు, రేపల్లె సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి. అయినా ఒక ఉదంతం చెబుతాను. కొన్నేళ్ల కిందట గుంటూరు నుంచి ఒకరు కొత్త మీటరు తెచ్చారు, తడి గాలిలో 106 శాతం చూపుతోంది. తిప్పి పంపిద్దామనే ఉద్దేశంతో పెట్టెతో సహా తెచ్చారు. విచారిస్తే తేలిందేమిటంటే, ఆ మీటరులో బారోమీటరు లేదు, సరఫరాదారు దాన్ని హైదరాబాదులో క్యాలిబ్రేట్ చేసి పీడనం సముద్రమట్టం దగ్గరి విలువ అయిన 760 అని కొట్టి పంపించారు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి గాలి పీడనం సముద్రమట్టం కంటే దాదాపు 6 శాతం తక్కువ. అక్కడి పలుచటి గాలిని పూర్తి వంద అని నేర్పించి పంపితే, ఇక్కడి గాలి దానికి 106 లాగా కనిపించడంలో వింతేముంది? ఇక్కడ మళ్లీ క్యాలిబ్రేట్ చేయడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు.

ఆప్టికల్ సెన్సరుకు అసలు శత్రువు పాకుడు. చేత్తో పట్టుకుని కొలిచే మీటరుకు ఇది చిన్న విషయమే, చెరువులో శాశ్వతంగా వేలాడదీసే ప్రోబ్‌కు మాత్రం ఇదే పెద్ద విషయం. కైకలూరు వైపు ఒక చెరువులో ఫోనుకు సమాచారం పంపే ప్రోబ్ పెట్టారు. మొదటి వారం బాగానే ఉంది. తర్వాత తెల్లవారుజాము అంకె రోజురోజుకూ కొంచెం కొంచెంగా తగ్గుతూ పన్నెండో రోజుకు 2 దగ్గరకు వచ్చింది. రైతు భయపడి ఉన్న ఏరేటర్లు అన్నీ తిప్పారు, రెండు అద్దెకు కూడా తెచ్చారు, అయినా అంకె లేవలేదు. చెక్‌ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) చూస్తే రొయ్యలు చక్కగా మేత తింటున్నాయి. నేను వెళ్లి ప్రోబ్ పైకి తీసి బొటనవేలితో క్యాప్‌ను రుద్దితే వేలికి జిగటగా, అరటిపువ్వు రసం అంటినట్టు గోధుమరంగు పొర వచ్చింది. ఆ పొరలోని సూక్ష్మజీవులు రాత్రంతా ఆక్సిజన్ తాగేస్తుంటే క్యాప్‌కు అందేది ఆ మిగులే. పగలు అదే పొరలోని నాచు ఆక్సిజన్ తయారుచేసి అంకెను పైకి లేపుతుంది. అంటే పాకుడు పట్టిన ప్రోబ్ పగలు ఎక్కువ, రాత్రి తక్కువ చూపుతుంది, చెరువు గురించి కాకుండా తన మీది పాకుడు గురించి చెబుతుంది. కడిగి దించగానే అంకె 4.3కి చేరింది. అద్దె ఏరేటర్లు ఆ సాయంత్రమే వెనక్కి పోయాయి. శాశ్వతంగా పెట్టదలిస్తే తుడిచే బ్రష్ ఉన్న మోడలే తీసుకోండి, బ్రష్ ఉన్నా సరే వారానికోసారి చేత్తో కడగండి.

కడిగేటప్పుడు నీరు, కొంచెం గిన్నెలు తోమే ద్రవసబ్బు, మెత్తటి గుడ్డ తప్ప మరేదీ వాడకండి. స్పిరిట్, అసిటోన్, పెట్రోలు, థిన్నరు క్యాప్‌లోని పాలిమర్‌ను ఉబ్బించి రంగును లాగేస్తాయి. ఒక కళాశాల ప్రయోగశాల నుంచి వచ్చిన ప్రోబ్ మీద మార్కరు సిరా పోవడం లేదని ఎవరో అసిటోన్‌తో తుడిచారు. క్యాప్ పాలపొరలా తెల్లబడి వచ్చింది, కొత్తది కొనడం తప్ప దారి లేకపోయింది. క్లోరిన్ డయాక్సైడ్ కూడా ఈ సెన్సర్లకు పడదు, చెరువుకు శానిటైజరుగా దాన్ని చల్లిన రోజు ప్రోబ్‌ను బయటే ఉంచండి. ఎండ కూడా తగలనీయకండి. కాలాన్ని కొలిచే పద్ధతి రంగు వెలియడాన్ని కొంతవరకే భరిస్తుంది. మే నెలలో విజయవాడ ఎండకు కారు డ్యాష్‌బోర్డు మీద వదిలిన ప్రోబ్‌లు నేను చాలానే చూశాను. పని అయ్యాక తొడుగు తొడిగి, నీడలో పెట్టండి.

క్యాప్ ఎన్నాళ్లు వస్తుందని మీరు అడగలేదు గాని, అమ్మకందారును అడగవలసిన మొదటి ప్రశ్న అదే. చాలా కంపెనీలు ఒకటి రెండేళ్లకు మార్చమంటాయి, జాగ్రత్తగా వాడితే అంతకు మించి నడిచినవీ ఉన్నాయి. క్యాప్ ధర మీటరు ధరలో చెప్పుకోదగ్గ భాగం ఉంటుంది. మరో సంగతి, చాలా మోడళ్లలో ప్రతి క్యాప్‌కు దాని సొంత కోడ్ ఉంటుంది, క్యాప్ మార్చినప్పుడు ఆ కోడ్ మీటరులో ఎక్కించాలి. బాపట్ల తీరంలో ఒక హ్యాచరీలో ఇద్దరు కుర్రాళ్లు రెండు ప్రోబ్‌లు శుభ్రం చేస్తూ క్యాపులు తీసి ఒకే గిన్నెలో కడిగారు. తిరిగి బిగించేటప్పుడు ఏది దేనిదో గుర్తు లేదు, రెండూ ఒకేలా ఉన్నాయి కదా అని తోచినట్టు బిగించారు. ఒక మీటరు ఎక్కువ, మరొకటి తక్కువ చూపడం మొదలుపెట్టింది, రెండూ పాడయ్యాయని నా దగ్గరకు పంపారు. క్యాప్ అంచు మీద చిన్న అక్షరాల్లో ఉన్న నంబరును భూతద్దంతో చదివి అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే ప్రతి క్యాప్ మీదా, ప్రోబ్ మీదా ఒకే రంగు టేపు ముక్క అంటించి పంపుతున్నాను. మీరు కూడా క్యాప్‌ను విప్పకుండానే కడగండి, విప్పవలసిన అవసరం లేదు.

ఈ పద్ధతికి గుర్తింపు ఉందా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఆప్టికల్ సెన్సరుతో డీవో కొలవడానికి ఐఎస్ఓ 17289 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014లోనే వచ్చింది. మీ పని చెరువు నిర్వహణ కాబట్టి అది మీకు ముఖ్యం కాదు. మురుగునీటి శుద్ధి కేంద్రాలవారు, బీవోడీ (నీటిలోని మురుగును కుళ్లించడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) పరీక్ష చేసే ల్యాబులవారు మాత్రం తాము నివేదిక ఇచ్చే సంస్థ ఏ పద్ధతి కోరుతోందో ముందుగా కనుక్కోవాలి. బీవోడీ సీసాల్లో ఈ ప్రోబ్ చాలా సుఖం, ఆక్సిజన్ తినదు కాబట్టి అదే సీసాను మొదటి రోజూ, మూడో రోజూ కొలవవచ్చు.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. పది రోజులకోసారి కొలిచేవారికి, పెద్ద సాంద్రత లేని చేపల చెరువులవారికి చుక్కల మందు కిట్ చాలు. మెంబ్రేన్ మీటరును శుభ్రంగా చూసుకుంటూ పొర తామే మార్చుకోగలిగిన వారికి కూడా అర్జెంటుగా మార్చవలసిన అవసరం లేదు. గట్టు మీద కూర్చుని పది నిమిషాల్లో కొత్త పొర వేసుకోగలగడం ఆ పాత మీటరుకున్న పెద్ద సుగుణం. ఆప్టికల్ క్యాప్ పగిలితే కొత్తది వచ్చే దాకా మీటరు ఖాళీయే. మీ చెరువుల్లో రాత్రి రెండు మూడు సార్లు, అదీ ఒక్కో చెరువులో రెండు చోట్ల కొలుస్తామని రాశారు కాబట్టి మీకు ఇది తగిన వస్తువని నేను అంటున్నాను. పాత మీటరును అమ్మేయకండి, ఆనోడ్ శుభ్రం చేయించి పొర మార్పించి పక్కన ఉంచుకోండి.

ఇంకా వారం గడువు ముగియలేదు కాబట్టి, మీటరు వెనక్కి ఇచ్చేలోపు ఇలా చేయండి. దానిలో లవణీయత 18 అని పెట్టండి. తడి గాలిలో 100 చూపుతోందో లేదో చూడండి. తర్వాత తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఏరేటర్లకు దూరంగా, చెరువు నేలకు ఒక అడుగు ఎత్తున ప్రోబ్ ఉండేలా కేబుల్ మీద టేపు గుర్తు పెట్టుకుని దించి, రెండు మీటర్ల శాతాలూ మిల్లీగ్రాములూ రాసుకోండి. పాతదాన్ని ఊపుతూ, కొత్తదాన్ని నిమిషం ఆగి చదవండి. అదే లోతు నుంచి ఒక సీసా పట్టి, ల్యాబువారి దగ్గర ముందే తెచ్చుకున్న రెండు ద్రావణాలను గట్టు మీదే వేసి గోధుమరంగు మడ్డి దిగాక పంపించండి. ఆ ద్రావణాలు చేతికి తగలనీయకండి, ఒకటి గాఢమైన క్షారం, అజైడ్ విషం. అమ్మకందారును మూడు విషయాలు అడగండి: క్యాప్ ఎన్నాళ్లకు మార్చాలి, కొత్త క్యాప్ విజయవాడలో దొరుకుతుందా లేక తెప్పించాలా, తెప్పించాలంటే ఎన్ని రోజులు పడుతుంది. మూడో దానికి సమాధానం నెల దాటితే, ధర ఎంత తగ్గించినా ఆ మోడల్ వద్దు.

లవణీయతను ఒకసారి 18 అని పెట్టి అక్కడితో మరచిపోకండి. వానలు పడి చెరువులో ఉప్పు 9కి దిగితే ఆ నీరు 30 డిగ్రీల దగ్గర 7.19 దాకా పట్టగలదు, అప్పుడు ఇదే మీటరు ఉన్నదానికంటే 5 శాతం తక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు చూసిన ప్రతిసారీ డీవో మీటరులో కూడా ఆ అంకె మార్చండి. తెల్లవారుజాము కొలతలు వచ్చాక ఆ నాలుగు అంకెలూ, ల్యాబు ఫలితమూ ఇక్కడే రాయండి, పాత మీటరుకు పొర ఒక్కటే మార్చితే సరిపోతుందా లేక ఆనోడ్ కూడా చూడాలా అన్నది వాటిని బట్టి చెప్పగలను.